మూడో అంతస్తు, లిఫ్టు లేదు

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమమా అని అడగను. కుర్చీలోంచి లేవకుండా కోడలు అందించే కాఫీ తాగేవాడు క్షేమంగా కాక ఇంకెలా ఉంటాడు? నా క్షేమం సంగతి నీకు ఈపాటికే చేరి ఉంటుంది. నా కూతురు నీకు ఫోన్ చెయ్యకుండా ఉంటుందా? అది చెప్పింది సగం. మిగతా సగం నేను రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో, ముప్పై ఏళ్ళు కండక్టరుగా బస్సు ఇంజను హోరు విన్న చెవులు నావి, ఫోన్ ఆనిస్తే గుయ్యిమంటాయి. పైగా నువ్వు ఫోన్లో కూడా గ్రౌండులో పిల్లల్ని అదిలించినట్టే అరుస్తావు. డ్రిల్లు మాస్టారి ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడదు.

పడ్డమాట నిజమే. కూరగాయల సంచీతో మెట్లెక్కుతుంటే కాలు మడతపడింది. మోకాలు దోక్కుపోయింది, టమాటాలు కింద మందుల షాపు దాకా దొర్లాయి, అంతకుమించి నష్టం లేదు. దానికి ముందు వారం ఇంకోటి జరిగింది. మా అంతస్తే అనుకుని రెండో అంతస్తులో ఆగి, దర్జీ వాళ్ళ తలుపుకు నా తాళంచెవి పెట్టి తిప్పాను. ఎంతకీ తిరగదే! దర్జీ భార్య తలుపు తీసి, "ఏంటి పెద్దమ్మా, మా ఇంటికొచ్చారా?" అంది. "ఆఁ, నిన్ను చూద్దామనే" అని నవ్వేసి పైకొచ్చాను. నవ్వానే గానీ లోపల భయం వేసింది రా.

నా కూతురు సంగతి తెలుసుగా, ఎముకల వార్డులో నర్సు. పొద్దున లేస్తే తుంటి విరిగిన నా ఈడువాళ్ళ మొహాలే చూస్తుంది. ఇప్పుడు నన్ను చూసినా దానికి అమ్మ కనిపించడం లేదు, తుంటి కనిపిస్తోంది. "అమ్మా, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఒక్కదానివి. ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్, ఇంకో మాట లేదు" అంది. ఇంకో మాట లేకపోవడమేమిటి, నా దగ్గర బోలెడున్నాయి. అన్నీ అన్నాను. ఇది నేను టికెట్లు కొట్టి కొనుక్కున్న ఇల్లు. మీ బావ కళ్ళు మూసింది ఈ గదిలోనే. దాని ఇంట్లో నాకని చూపించిన గది కిటికీ తీస్తే నీళ్ళ ట్యాంకు గోడ. గోడను చూస్తూ కూర్చోడానికా నేను ఇన్నాళ్ళు బతికింది?

చివరికి ఒప్పందం కుదిరింది. నవంబరులో అది చెప్పిన డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఆయన నా కాళ్ళూ బుర్రా రెండూ పరీక్ష చేస్తాడు. ఒక్కదాన్నే ఉండొచ్చంటే ఉంటాను, వద్దంటే నోరు మూసుకుని సామాను సర్దుతాను.

అందుకని క్లాసులో చేరాను. ఆరోగ్య కేంద్రం వెనక హాల్లో అరవై దాటినవాళ్ళకు వ్యాయామం నేర్పుతున్నారు. నేర్పే అమ్మాయికి నేను కుర్చీ టీచరని పేరు పెట్టాను. మొదటి రోజంతా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడమే మరి! ఓస్ ఇంతేనా అనుకున్నాను. మర్నాడు తొడలు పట్టేసి, బాత్రూంలో కూర్చుని లేవలేక ఏడ్చినంత పనైంది. అయినా వెళ్ళాను. వెళ్తాను కూడా.

నీ తిట్లు రాసి పంపు.

అక్క

జూన్ 15

అక్కకు,

అటెన్షన్! ఈ ఉత్తరం నిలబడి చదువు. కాదులే, పడతావు, కూర్చునే చదువు.

డెబ్బై నాలుగేళ్ళకు నీకు వ్యాయామమా? ఎన్ని బ్యాచ్‌ల పిల్లల చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించానో నీకు తెలుసు. శరీరం సంగతి ఆ కుర్చీ పిల్లకు తెలుసా, నాకు తెలుసా? వయసులో పరుగు, వయసు మళ్ళాక విశ్రాంతి. అరిగిపోయిన బేరింగును ఇంకా గిరగిరా తిప్పేవాణ్ణి ఏమంటారు? నన్ను చూడు. మోకాళ్ళు నొప్పి అనగానే మావాడు వాలుకుర్చీ కొనిచ్చాడు. మంచినీళ్ళు, పేపరు, కళ్ళజోడు అన్నీ కోడలు చేతికే అందిస్తుంది. లేవబోతే, "మామయ్యగారూ, మీరు కదలకండి, నేనున్నాగా" అంటుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మేనకోడలు చెప్పిందాంట్లో తప్పేముంది? గోడైతే ఏం, కిటికీ ఉందిగా. అయినా నీ మొండితనం నాకు కొత్త కాదు. మీ బిల్డింగు కింద మందుల షాపు పెట్టింది నా శిష్యుడే, గుర్తుందా? బళ్ళో వాణ్ణి లెఫ్ట్‌రైట్ అనేవాళ్ళం, లెఫ్ట్ అంటే కుడికాలు, రైట్ అంటే ఎడంకాలు వేసేవాడు. యాభై దాటినా నా ఎదురుగా కూర్చోడు పాపం, అంత భక్తి. ఏ అవసరమొచ్చినా వాణ్ణి కేకెయ్యి. నేనూ ఒక మాట చెప్పి ఉంచాను.

ఆ క్లాసు మానెయ్. ఇది ఆర్డరు. స్టాండెటీజ్.

తమ్ముడు

జూలై 2

తమ్ముడికి,

చాల్లే సంబడం. ఆర్డరట, ఆర్డరు! నీకు జ్వరమొస్తే చంకన ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళినదాన్ని, నాకు ఆర్డరేస్తావా?

బేరింగు సంగతి నాకు చెప్పకు. బస్సును షెడ్డులో పెట్టి వదిలేస్తే ఏమవుతుందో నీకు తెలుసా? బ్యాటరీ చస్తుంది, టైర్లు ఒక పక్కకు అణిగిపోతాయి, సీట్ల కింద ఎలుకలు పిల్లలు పెడతాయి. తిరిగే బస్సే తిరుగుతుంది. నిన్ను నీ వాళ్ళు ప్రేమగా కుర్చీకి కట్టేశారు, నువ్వేమో దాన్ని సింహాసనం అనుకుంటున్నావు.

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డు జడ్జిగారున్నారు. లేవమంటే ఆయన వాయిదా మీద వాయిదా వేస్తాడు. పాతికేళ్ళు పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేసినావిడ ఉంది, ఒంటికాలి మీద నిలబెడితే చాలు, "నా నడుమో" అని మొదలుపెడుతుంది. నేను వాళ్ళకంటే నయం. కాఫీ కాగేలోపు పొయ్యి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతున్నాను, ఈ మధ్య గట్టు వదిలేసి కూడా. నీళ్ళ బాటిళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తుతున్నాను. రబ్బరు పట్టీ కాళ్ళకు కట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. నువ్వు నవ్వుతున్నావని తెలుసు. అందుకే ఇంతకుమించి క్లాసు సంగతి నీకొక్క ముక్క రాస్తే ఒట్టు.

వేరే కబుర్లు ఏమున్నాయి? వానలు పడుతున్నాయి, గోడ చెమ్మగిల్లింది. సాయంత్రం పూట వీధిలో నడుస్తున్నాను. ఈ మధ్య మా తొమ్మిదో నంబరు బస్సు స్టాపులన్నీ నోట్లో ఆడుతున్నాయి రా, అదీ చివరి నుంచి మొదటికి. పాత జైలు, నూనె మిల్లు, కోర్టు, గడియార స్తంభం, రైలు గేటు. భలే సరదాగా ఉంది. జనం చూస్తే చూడనీ, నాకేం భయం?

అక్క

జూలై 25

నా బంగారు అక్కకు,

ఎలా ఉన్నావమ్మా? తింటున్నావా? నిద్ర పడుతోందా? పోయిన ఉత్తరంలో నేను కాస్త దురుసుగా రాశాను, మనసులో పెట్టుకోకు. నీకు ఏది సంతోషమైతే అది చెయ్యి, కానీ ఇంట్లోనే చెయ్యి. వీధిలోకి ఒక్కదానివే వెళ్ళకు.

పాత ఉద్యోగం గురించి ఎక్కువగా ఆలోచించకు అక్కా. ఆ తొమ్మిదో నంబరు ఎప్పుడో తుక్కు కింద అమ్ముడైపోయింది. నువ్వు రిటైరయ్యావు. పూలదండ వేశారు, నేనూ వచ్చాను, గుర్తుంది కదా?

ఊరికే కాలక్షేపానికి కొన్ని అడుగుతాను, కోప్పడకుండా రాయి. నాన్న సైకిలు ఏ రంగు? నన్ను కుక్క కరిచింది ఏ కాలు మీద? ఇక్కడ ఇవాళ శుక్రవారం. అక్కడ కూడా శుక్రవారమే కదా?

నువ్వంటే ప్రాణం పెట్టే
తమ్ముడు

ఆగస్టు 6

నాయనా తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. బంగారు అక్కేమిటి? ప్రాణం పెట్టడమేమిటి? ఇన్నేళ్ళలో నువ్వు నన్ను పిశాచం అన్నావు, హెడ్ కానిస్టేబుల్ అన్నావు గానీ బంగారం అన్న పాపాన పోలేదు. నీకేదో అయింది. నాకు చెప్పకుండా దాస్తున్నావు.

పైగా ఆ ప్రశ్నలు! అవును నాన్నా, ఇక్కడ కూడా శుక్రవారమే. ఏ ఊళ్ళోనైనా శుక్రవారమే. కుక్క కరిచింది కాలు మీద కాదు, వెనకాల, అందుకే వారం రోజులు బోర్లా పడుకున్నావు. నాన్న సైకిలు ఆకుపచ్చది. ఇవన్నీ నీకు గుర్తు లేవంటే నాకు ఏడుపొచ్చింది. నీ బుర్ర ఎప్పుడూ కాస్త మందమే గానీ మరీ ఇలా కాదు.

తమ్ముడూ, భయపడకు. రోజూ అన్నం ముందు చేతులు గుండెల మీద పెట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడు, మళ్ళీ మెల్లగా కూర్చో, చేతనైనన్ని సార్లు. కాళ్ళు ఆడితే రక్తం తలకు కూడా బాగా పోతుందని కుర్చీ టీచరు చెప్పింది. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను, చూశావా? నీ కోసమే.

ఇంకో మాట. దర్జీ భార్య చేత నీ కొడుక్కి ఫోన్ చేయించాను. మీ నాన్నను తల డాక్టరుకు వెంటనే చూపించమని. కోప్పడకు.

నీ పిశాచం

ఆగస్టు 20

అక్కకు,

కోప్పడకు అని రాస్తే సరిపోతుందా? మావాడు నన్ను ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. ఆయన కళ్ళలోకి టార్చి వేసి, "పెద్దాయనా, ఇది ఏ నెల?" అని అడిగాడు. నన్ను! హాజరుపట్టీ చూడకుండా స్కూలంతా పేర్లు పిలిచినవాణ్ణి! నా బుర్రకేం తెగులు లేదన్నాడు. ఇంటికొచ్చాక కోడలు ఇంకా అతిజాగ్రత్తగా చూస్తోంది. స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడి, "మామయ్యగారూ, ఉన్నారా?" అంటుంది. లేక ఎక్కడికి పోతాను?

నాన్న సైకిలు నల్లది. నల్లది! నాకు బాగా గుర్తు. ఆకుపచ్చ అని నువ్వు రాసింది చూశాక నాకు అనుమానం తీరిపోయింది. ఇంక నేను చెయ్యాల్సింది నేను చేస్తాను. నన్ను తిట్టుకో, పర్వాలేదు. నీ మంచికే.

తమ్ముడు

సెప్టెంబరు 9

తమ్ముడన్నవాడికి,

మంచికట! నువ్వు చేసిన మంచి ఏమిటో విను.

మొన్న క్లాసు నుంచి వచ్చేసరికి నా తలుపు బార్లా తీసి ఉంది. నా కూతురు వార్డుకు సెలవు పెట్టి వచ్చి, కింద మందుల షాపులో అట్టపెట్టెలు అడిగి తెచ్చి, నా గిన్నెలు పేపర్లో చుడుతోంది. "ఇదేంటే?" అన్నాను. అది ఏడుస్తూ, "మామయ్య ఫోన్ చేశాడమ్మా. వీధిలో పీతలా అడ్డంగా నడుస్తున్నావట, బస్సు స్టాపులు అరుస్తున్నావట, మందుల షాపాయన్ని కోర్టు దగ్గర దిగమన్నావట. ఇంక నవంబరు దాకా ఆగేది లేదు" అంది. నాకు నెత్తి నుంచి అరికాలి దాకా మండిపోయింది.

అడ్డంగా నడిచాను, అవును. స్టాపులు వెనక్కి చదివాను, అవును. అది నా క్లాసు పాఠం రా మూర్ఖుడా! కాళ్ళకు ఒక పని, బుర్రకు ఒక పని, రెండూ ఒకేసారి చెయ్యాలంటుంది కుర్చీ టీచరు. మెట్లెక్కుతూ ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడే కదా మనం పడేది? అందుకని పక్క అడుగులు వేస్తూ, ఎవరి బుర్రకు కష్టమైంది వాళ్ళు పైకి చదవాలి. జడ్జిగారు సెక్షన్లు చదువుతాడు. మేకప్ ఆవిడ తను తయారు చేసిన పెళ్ళికూతుళ్ళ పేర్లు చెబుతుంది. నాకేమో తొమ్మిదో నంబరు వెనక్కి చదవమని ఇచ్చింది. నీ లెఫ్ట్‌రైట్ నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "కోర్టు స్టాపు, దిగేవాళ్ళు దిగండి, హోల్డాన్" అన్నాను తమాషాకి. వాడు "దిగుతానండీ" అని రెండడుగులు వెనక్కి వేశాడు. నవ్వుకున్నాడేమో అనుకున్నాను. లోపలికెళ్ళి నీకు ఫోన్ కొడతాడని నాకేం తెలుసు! నా మీద నిఘా పెడతావా? అడక్కుండా? నన్నొక్క ముక్క అడిగి ఉంటే పోయేది కాదూ?

నేను కూడా నీ కొడుక్కి ఫోన్ చేయించాను కదా అంటావు. చేయించాను. చేయించి నీకు రాశాను. అదీ తేడా.

ఎలాగూ సెలవు పెట్టింది కదా అని మర్నాడే అది నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కాళ్ళ పరీక్షలో ఆయన, "మీ వయసు సరిగ్గా రాశారా?" అని మళ్ళీ అడిగాడు. చేతులు ఆనించకుండా లేచాను, గీత మీద తూలకుండా నడిచాను, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. నా కూతురు నోరు తెరుచుకుని చూసింది. అప్పుడు బుర్ర పరీక్ష. కొన్ని మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్ళీ చెప్పమన్నాడు. వాటిలో కొన్ని రాలేదు తమ్ముడూ. ఎంత వెతికినా రాలేదు. గడియారం బొమ్మ గీయమంటే ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జీవితమంతా టైం చూసి బస్సు కదిలించినదాన్ని.

మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. ఇప్పుడప్పుడే కాదు గానీ పెరుగుతుందట. వ్యాయామం చేస్తే పోతుందా అని అడిగాను. "పోదమ్మా. కొందరిలో నెమ్మదించవచ్చు, గ్యారంటీ ఇవ్వలేను. అయినా మానొద్దు, మీరు పడకుండా ఉన్నది దానివల్లే" అన్నాడు. ఒంటరిగా మాత్రం ఉండొద్దన్నాడు. నా కూతురు గిన్నెల మూటలు విప్పి మళ్ళీ అలమరలో పెట్టింది, ఒప్పందం ప్రకారం నవంబరు చివరి దాకా గడువిచ్చింది. ఈలోపు రాత్రిళ్ళు దర్జీ కూతురు వచ్చి పడుకుంటుంది. ఎవరైనా ఇంట్లో ఎప్పుడూ తోడుంటే సరే, లేకపోతే నేను వెళ్ళాల్సిందే. దాన్ని నేను తప్పు పట్టను. అది కూడా భయంతో చస్తోంది.

నాకు భయంగా ఉంది. ఇంకెవరికి చెప్పను? నా ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే స్విచ్చి దొరుకుతుంది, చీకట్లో కూడా. ఇవన్నీ నాకు తెలిసినన్ని రోజులు ఇక్కడే ఉండాలని ఉంది. కొత్త ఇంట్లో మొదటి రోజు నుంచే నేను మర్చిపోయినదాన్నే అవుతాను.

నీ నుంచి నాకేమీ వద్దు. ఇవాళ క్లాసుకు వెళ్ళాను. రేపూ వెళ్తాను. జబ్బు వచ్చేది వస్తుంది, వచ్చేసరికి నేను నిలబడి ఉంటాను.

సైకిలు ఆకుపచ్చదే. నల్లది పోస్టుమాస్టరుది.

అక్క

సెప్టెంబరు 21

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఏం రాయాలో తెలియక చింపేసిన కాగితాలు కోడలు ఊడుస్తూనే ఉంది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, నువ్వు చెప్పినట్టు చేతులు గుండెల మీద పెట్టుకుని లేవబోయాను. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాను. ఒళ్ళంతా ఊగింది గానీ కుర్చీలోంచి వెనకభాగం లేవదే! ఎన్ని వందల మందిని "లే, లే" అని అరిచాను, లేవలేనివాణ్ణి సోమరి అని బెత్తంతో కొట్టాను. ఆ కుర్చీలో కూర్చుని బిగ్గరగా ఏడ్చాను. ఎవరూ వినలేదు, ఇంట్లో లేరు కదా. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి, పళ్ళు బిగబట్టి లేచాను. ఒక్కసారే. నిలబడ్డాక కాళ్ళు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి.

నేనొస్తాను. నీతో ఉంటాను. ఇక్కడ నన్ను బాగానే చూసుకుంటున్నారు, అది నిజమే. కానీ ఇలాగే చూసుకుంటే నన్ను కుర్చీతో సహా మోసుకెళ్తారు. నీకు తోడు కావాలి, నాకు నిన్ను తిట్టుకునే పని కావాలి. కాదనకు.

తమ్ముడు

అక్టోబరు 3

తమ్ముడికి,

కాదంటాను. జాలిపడి వచ్చేవాడు నాకొద్దు. నువ్వొస్తే నిన్ను నేను చూసుకోవాలా, నన్ను నువ్వు చూసుకుంటావా? రెండు కుంటికాళ్ళు పక్కపక్కన పెడితే మంచికాలవుతుందా? నా కూతురికి చెబితే పకపకా నవ్వింది. "మామయ్యా! ఈ మెట్లు ఎక్కుతాడా? ఎక్కి చూపించమను, అప్పుడు మాట్లాడదాం" అంది.

దాని మాటే నా మాట. నీ కొడుకు భుజాల మీద ఎక్కి వస్తే తలుపు తియ్యను. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తే అసలే తియ్యను. కింద నుంచి నీ కాళ్ళ మీద నువ్వొస్తేనే ఇక్కడ నీకు మంచం. పైకొచ్చాక రోజూ నాతో క్లాసుకు దిగాలి, ఎక్కాలి. మాటకు మాట చెప్పకూడదు.

చేతనైతే మొదలుపెట్టు. చేతకాకపోతే వాలుకుర్చీలో పడుకుని కాఫీ తాగు, నేనేమీ అనుకోను.

అక్క

అక్టోబరు 24

అక్కకు,

ఎంత పొగరే నీకు! ఆ పొగరు చూసే మొదలుపెట్టాను.

నా పాత బడి మెట్లు ఎక్కుతున్నాను. ఆటలు చెప్పేది ఇప్పుడు నా దగ్గర చదువుకున్న ఆవిడే, పక్కన నడుస్తుంది, ముట్టుకోదు. మొదట రెయిలింగు పట్టుకుని మలుపు దాకా, ఆగి, మళ్ళీ. పిల్లలు చుట్టూ చేరి, "తాతగారూ, లెఫ్ట్! తాతగారూ, రైట్!" అని అరుస్తున్నారు. నేను నేర్పిందే నా మీద ప్రయోగిస్తున్నారు వెధవలు. కోడలు మొదట ఏడ్చింది, తర్వాత మాట్లాడటం మానేసింది, నిన్న మాత్రం కాఫీ తెచ్చి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళింది. లేచి వెళ్ళి తాగాను. చల్లారిపోయిందనుకో.

ఎక్కేటప్పుడు బుర్రకు కూడా పని ఇవ్వాలన్నావు కదా, మన బంధువుల పేర్లు వెనక నుంచి చెబుతున్నాను. చచ్చినవాళ్ళే ఎక్కువున్నారు.

తమ్ముడు

నవంబరు 12

తమ్ముడూ,

ఇవాళ మంచి రోజు కాదు. క్లాసులో కుర్చీ టీచరు బంతి విసిరి, "పట్టుకుని నా పేరు చెప్పండి" అంది. బంతి పట్టుకున్నాను. పేరు రాలేదు. ఆ అమ్మాయి మొహం చూస్తూ నిలబడ్డాను, జూన్ నుంచీ చూస్తున్న మొహం. జడ్జిగారు మెల్లగా అందించబోతే, "మీరాగండి" అని కసిరాను. అయినా రాలేదు. బంతి తిరిగి విసిరి, పక్క అడుగులు మొదలుపెట్టాను. స్టాపులు మాత్రం అన్నీ వచ్చాయి.

నా కూతురు వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం, ఇరవై మూడున, వ్యాను మాట్లాడుకుని వస్తానంది. అట్టపెట్టెలు మళ్ళీ వచ్చాయి, వరండాలో పేర్చి ఉన్నాయి. ఖాళీ పెట్టెల మీద బట్టలారేస్తున్నాను.

నువ్వు రాలేకపోతే రాలేనని రాయి. అలా తిట్టాను గానీ, నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఏమీ అనుకోను, నిజంగా.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఎప్పుడో ఒక రోజు నువ్వెవరో కూడా నాకు గుర్తు రాకపోతే ఏం చేస్తావు?

అక్క

నవంబరు 22, శనివారం, మధ్యాహ్నం

అక్కా,

ఈ కాగితం లెఫ్ట్‌రైట్ చేతికిచ్చి పైకి పంపుతున్నాను. నేను కింద వాడి షాపులో స్టూలు మీద కూర్చున్నాను. నువ్వు దిగి రావద్దు. పై నుంచి తొంగి చూడొద్దు, నాకు సిగ్గు. మావాడు పెట్టె దింపి, "నాన్నా, ఎత్తుకుంటాను, ఐదు నిమిషాల పని" అన్నాడు. వాణ్ణి బస్టాండుకు తిరుగు టికెట్టు తీసుకోమని పంపేశాను. లెఫ్ట్‌రైట్ కూడా చెయ్యి పట్టుకుంటానన్నాడు. నీ మీద చాడీలు చెప్పినవాడి చెయ్యి నాకొద్దన్నాను. చాడీలు చెప్పమన్నది మీరే కదండీ అన్నాడు. నిజమే.

బడి మెట్లు ఎక్కాను గానీ, మీ మెట్లు ఇంత నిటారుగా ఉంటాయని ఒక్క ఉత్తరంలోనైనా రాశావా? ఇందాక మొదటి మలుపు దాకా ఎక్కాను. గుండె దడదడలాడి దిగి వచ్చి కూర్చున్నాను. దిగానని ఓడిపోయాననుకోకు, ఊపిరి తీసుకుంటున్నాను. మళ్ళీ ఎక్కుతాను. దర్జీ వాళ్ళ గుమ్మం దగ్గర కాసేపు ఆగుతాను. సాయంత్రానికి చేరతానో, చీకటి పడ్డాక చేరతానో తెలియదు. రేపు నీ కూతురు వ్యానుతో వచ్చి బెల్లు కొడితే తలుపు తీసేది నేనే.

నువ్వడిగినదానికి జవాబు. గుర్తు రాకపోతే భయపడకు. "ఎవరయ్యా నువ్వు?" అని అడుగు, నీ తమ్ముణ్ణని చెబుతాను. మర్నాడు మళ్ళీ అడుగు, మళ్ళీ చెబుతాను. విసుక్కుంటాను, అరుస్తాను, నా గొంతు నీకు తెలుసుగా. అయినా అడిగిన ప్రతిసారీ చెబుతాను.

గడియ తీసి పెట్టు. లేస్తున్నాను.

తమ్ముడు